పాత తుపాకి వెల కట్టేదెలా?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాళ్ళను మీరు చూసే ఉంటారు. కుప్పలోంచి చిటికెడు దూది తీసి, రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టి లాగి, పింజ ఎంత పొడవుందో చూస్తారు. తేమ ఎంతుందో, ఆకు చెత్త ఎంత కలిసిందో చూస్తారు. ఆ తర్వాతే ధర మాట. తూకం చివరి సంగతి.

పాతకాలపు సైనిక తుపాకికి వెల కట్టడం కూడా ఇలాంటి పరీక్షే. పాత ఇనుము కొట్లో తూకం వేస్తే అది నాలుగైదు కిలోల ఇనుమూ కర్రా మాత్రమే. అయితే 2019 మార్చిలో ఇంగ్లండులోని బెర్క్‌షైర్‌లో జరిగిన ఒక వేలంలో ఏమైందో వినండి. టిప్పు సుల్తాను సొంత ఆయుధశాలకు చెందిన ఒక చెకుముకి తుపాకి, దాని బాయినెట్టుతో కలిపి, 60 వేల పౌండ్లకు అమ్ముడుపోయింది. అది తళతళ మెరిసే కొత్త తుపాకి కాదు. యుద్ధంలో తగిలిన దెబ్బలు దానిమీద అలాగే ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ అధికారి ఒకరు తీసుకుపోయిన ఆ తుపాకిని ఆయన వంశంవారు బాగు చేయించకుండా అలాగే ఉంచారు. దాని విలువ పెరగడానికి అదీ ఒక కారణమే!

దెబ్బతిన్న వస్తువుకు అంత ధర ఎందుకు? తుపాకి నిపుణులు దాన్ని ఆయుధంగా చూడరు, సాక్షిగా చూస్తారు. సాక్షి ఎంత నమ్మదగినదైతే విలువ అంత. ఆ సాక్ష్యాన్ని ఎలా చదువుతారో తెలుసుకుందాం. దీనికి కావలసిందల్లా హైస్కూలు భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, కొంచెం చరిత్ర.

ఆదోని మీదుగా నడిచిన సేనలు

ముందు చరిత్ర చూద్దాం. ఆదోని కొండమీది కోటను విజయనగర రాజులు, బిజాపూరు సుల్తానులు, మొగలులు వరసగా ఏలారు. 18వ శతాబ్దంలో అది హైదరాబాదు నిజాం సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో ఉండేది. అతని కొలువులో ఫ్రెంచి సైనికులు పనిచేశారు. 1786లో టిప్పు సుల్తాను ఆదోనిని ముట్టడించి పట్టుకుని, కోట గోడలను కూల్పించాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. ఆదోని, ఎమ్మిగనూరు అప్పట్లో బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరాయి.

ఇక కర్నూలు సంగతి. నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడన్న అనుమానంతో 1839లో కంపెనీవారు సేనను పంపి కోటను సోదా చేశారు. ఫిరంగులూ మందుగుండూ పెద్దఎత్తున బయటపడ్డాయి. నవాబును బందీగా తిరుచిరాపల్లికి పంపి, రాజ్యాన్ని కంపెనీ కలిపేసుకుంది.

ఇలాంటి ప్రాంతంలో ఒక పాత తుపాకి బయటపడిందనుకోండి. అది ఫ్రెంచివారిదా, మైసూరుదా, కంపెనీదా, నవాబుదా, పాళెగాళ్ళదా? ఎవరో చెప్పిన కథను నమ్మి వెల కట్టకూడదు. తుపాకినే అడగాలి.

నిప్పు పుట్టించే తీరు

మొదట అడగవలసిన ప్రశ్న: మందుకు నిప్పు ఎలా అంటుకునేది?

అన్నిటికన్నా పాతది జామగిరి తుపాకి. సూరేకారం పట్టించిన వత్తి నెమ్మదిగా రగులుతూ ఉంటుంది. మీట నొక్కితే ఆ వత్తి వంగి మందును తాకుతుంది. తర్వాతది చెకుముకి తుపాకి. ఇందులో చెకుముకి రాయి ఉక్కు పలకను గీస్తుంది. రాయి ఉక్కుకన్నా గట్టిది కాబట్టి ఉక్కు సన్నని పొట్టుగా లేస్తుంది. రాపిడికి వేడెక్కిన ఆ పొట్టు గాలిలో మండుతుంది. మనకు కనిపించే నిప్పురవ్వలు అవే. నిజానికి మండేది రాయి కాదు, ఉక్కు!

మూడోది టోపీ తుపాకి. చిన్న రాగి టోపీలో పెట్టిన రసాయనం సుత్తి దెబ్బకు పేలుతుంది. వానలోనూ పనిచేస్తుంది. 1840 ప్రాంతంలో ఇది సైన్యాల్లోకి వచ్చాక, ఎన్నో చెకుముకి తుపాకులను టోపీ తుపాకులుగా మార్చేశారు. అలా మార్చినప్పుడు పాత మర పలకమీద మిగిలిపోయిన రంధ్రాలను ఇనుప ముక్కలతో పూడ్చేవారు. పూడ్చిన ఆ మచ్చలు కనబడితే అది రెండు జీవితాలు గడిపిన తుపాకి అన్నమాట.

నాలుగోది వెనుకనుంచి తూటా పెట్టే రైఫిల్. పోలీసు స్టేషన్ల దగ్గర పెద్దలు చూసి ఉండే .303 ఈ తరానిదే.

గొట్టం నెంబరు, నూలు నెంబరు

రెండో ప్రశ్న: గొట్టం లోపలి వ్యాసం ఎంత?

ఇక్కడ ఎమ్మిగనూరు పిల్లలకు ఒక సులువు ఉంది. మగ్గం ఉన్న ఇళ్ళలో 40వ నెంబరు నూలు, 60వ నెంబరు నూలు అనడం మీరు వినే ఉంటారు. ఆ నెంబరు ఎలా వచ్చింది? 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని చిలపలు తూగితే అది ఆ నూలు నెంబరు. నూలు సన్నబడే కొద్దీ ఎక్కువ చిలపలు తూగుతాయి. అందుకే నెంబరు పెరిగితే నూలు సన్నం.

పాత తుపాకుల బోరు నెంబరు కూడా అచ్చం ఇలాంటిదే! గొట్టంలో సరిగ్గా పట్టే సీసం గుండ్లు ఒక పౌనుకు ఎన్ని తూగితే అది దాని బోరు. 12 బోరు అంటే 12 గుండ్లు ఒక పౌను. నెంబరు పెరిగితే గొట్టం సన్నం. ఒక మగ్గానికీ ఒక తుపాకికీ ఒకే లెక్క పనికొచ్చింది చూశారా!

టిప్పు సుల్తాను తుపాకి అన్నామే, అది 20 బోరు. దాని గొట్టం వ్యాసం లెక్క కట్టి చూద్దాం. ఒక పౌను 453.6 గ్రాములు. 20తో భాగిస్తే ఒక గుండు బరువు 22.68 గ్రాములు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. కనుక గుండు ఘనపరిమాణం సరిగ్గా 2 ఘన సెంటీమీటర్లు. గోళం ఘనపరిమాణం అంటే వ్యాసం ఘనాన్ని 0.5236తో గుణించినంత. కాబట్టి వ్యాసం ఘనం 3.82. దాని ఘనమూలం 1.56. అంటే గొట్టం వ్యాసం 15.6 మిల్లీమీటర్లు. తుపాకిని చూడకుండానే దాని గొట్టాన్ని కొలిచేశాం!

ఈ కొలత ఎందుకంత ముఖ్యం? ఫ్రెంచి సైన్యపు తుపాకి గొట్టం సుమారు 17.5 మిల్లీమీటర్లు. ఇంగ్లీషువారి బ్రౌన్‌బెస్ గొట్టం సుమారు 19 మిల్లీమీటర్లు. ఒకటిన్నర మిల్లీమీటరు తేడా సైన్యాన్నే చెప్పేస్తుంది. ఇంకో ఆనవాలు కూడా ఉంది. ఫ్రెంచి తుపాకిలో గొట్టాన్ని కర్రకు ఇనుప పట్టీలతో బిగించేవారు. బ్రౌన్‌బెస్‌లో కర్రకు అడ్డంగా దూర్చిన సన్నని చీలలతో బిగించేవారు. కొలతా, బిగింపూ ఒకే మాట చెబితే సాక్ష్యం గట్టిపడినట్టే.

గొట్టం లోపల గాళ్ళు

బ్రౌన్‌బెస్ వంటి తుపాకుల గొట్టం లోపల నునుపుగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాళ్ళు ఉంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పుతాయి. తిరిగే బొంగరం ఒరిగిపోనట్టే తిరిగే గుండు దారి తప్పదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో గాళ్ళు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. గొట్టం పొడవు 39 అంగుళాలే. అంటే గొట్టం దాటేలోగా గుండు తిరిగేది అర చుట్టే! .303 రైఫిల్‌లో మాత్రం 10 అంగుళాలకే ఒక చుట్టు. దాని తూటా సెకనుకు సుమారు 740 మీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన సెకనుకు సుమారు 2,900 చుట్లు తిరుగుతుంది.

ఇక్కడ ఒక చరిత్ర దాగి ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిల చేతికి గురి తప్పని రైఫిల్ ఇవ్వడానికి ఇంగ్లీషు ప్రభుత్వం జంకింది. పైకి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లాగే ఉండి, లోపల గాళ్ళు లేకుండా నునుపుగా తొలిచిన 1858 నమూనా తుపాకులను వారికి ఇచ్చింది. పైన చూస్తే రెండూ కవల పిల్లలు. లోపల చూస్తేనే తేడా. ఒక ప్రభుత్వానికి తన సిపాయిలమీద నమ్మకం పోయిందని చెప్పే సాక్ష్యం ఆ నున్నని గొట్టంలో ఉంది.

ముద్రలు మాట్లాడతాయి

మూడో ప్రశ్న: ఏ ముద్రలున్నాయి?

కంపెనీ తుపాకులమీద మొదట్లో హృదయాకారపు గుర్తు ఉండేది. దాని గడుల్లో కంపెనీ పేరులోని వి, ఇ, ఐ, సి అనే ఇంగ్లీషు అక్షరాలుండేవి. 1808 ప్రాంతంనుంచి దాని బదులు నిలబడిన సింహం ముద్ర వేశారు. కాబట్టి ఒక్క ముద్రతోనే 1808కి ముందా, తర్వాతా అన్నది తేలిపోతుంది. టిప్పు సుల్తాను తుపాకులమీద పులి చారలు, పులి తల, పారశీక లిపిలో రాతలు ఉంటాయి. సంవత్సరం వేసిన అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలి. అది తెలియనివారు ఆ తుపాకి కాలాన్ని తారుమారుగా చదువుతారు.

.303 రైఫిల్ అయితే బట్ మొదట్లో ఉన్న ఇనుప పట్టీ కుడివైపు చూడాలి. కిరీటం, రాజు పేరు అక్షరాలు, తయారైన చోటు, సంవత్సరం, నమూనా పేరు వరసగా ఉంటాయి. బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో స్వాతంత్ర్యం తర్వాత తయారైనవాటిమీద కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. ఒక దేశం చేతులు మారిన సంగతి బొటనవేలంత ఇనుముమీద రాసి ఉందన్నమాట.

విడి భాగాల లెక్క

ఇప్పుడు విడి భాగాల మాటకు వద్దాం. యంత్రాలతో ఒకేరకం భాగాలు తయారుచేయడం రాకముందు ప్రతి తుపాకినీ చేతితో ఆకురాయి పట్టి అమర్చేవారు. ఒక తుపాకి మర ఇంకో తుపాకికి సరిపోయేది కాదు. అందుకే ఒకే తుపాకి భాగాలన్నిటిమీదా ఒకేరకం గీతలు చెక్కేవారు. ఆ గీతలు కలిస్తే అవి పుట్టినప్పటినుంచీ కలిసి ఉన్న భాగాలు. ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారం 1850లలో అమెరికానుంచి యంత్రాలు తెప్పించాకే అక్కడ ఒకదాని భాగం మరొకదానికి పట్టే రైఫిళ్ళు పెద్దసంఖ్యలో తయారయ్యాయి.

అయినా .303లో కూడా కొన్ని భాగాలు జతగానే అమరాలి. తూటా వెనుక తలుపులా మూసే భాగాన్ని బోల్టు అంటారు. దానికీ తూటా అడుగుకీ మధ్య సందు ఎక్కువైతే తూటా గొట్టం చిట్లి, వేడి వాయువులు వెనక్కు కొడతాయి. అందుకే బోల్టుమీద, గొట్టంమీద, రైఫిల్ నడుమ భాగంమీద ఒకే నెంబరు కొట్టేవారు. నెంబర్లన్నీ కలిసిన రైఫిల్‌కు సేకరణ చేసేవాళ్ళ దగ్గర ఎక్కువ విలువ. నెంబర్లు కలవకపోతే అది నాలుగు తుపాకుల ముక్కలు కలిపి కట్టిన అతుకుల బొంత.

ఇందులో ఒక విచారకరమైన సంగతి కూడా ఉంది. విదేశాల్లో కొందరు వ్యాపారులు నిండు రైఫిల్‌ను విడగొట్టి, బోల్టు ఒకరికి, కర్ర ఒకరికి, గురి చూసే పలక ఒకరికి అమ్ముతారు. కొన్నిసార్లు ముక్కలకే ఎక్కువ డబ్బు వస్తుంది. కాని వందేళ్ళు కలిసి ఉన్న భాగాలు చెదిరిపోతే సాక్ష్యం శాశ్వతంగా పోతుంది. పుస్తకం చింపి పేజీలు అమ్మినట్టే అది.

తుప్పా, పూతా?

పాత ఇనుము కనబడగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఉప్పు కాగితం పెట్టి రుద్దడం. తుపాకి విలువను అన్నిటికన్నా వేగంగా పోగొట్టేది ఇదే.

ఇనుము తడిగాలిలో ఆక్సిజన్‌తో కలిసి ఎర్రతుప్పు అవుతుంది. ఆ తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెచ్చులుగా లేస్తుంది, కింది ఇనుముకు మళ్ళీ గాలి తగులుతుంది, తినడం సాగుతూనే ఉంటుంది. కాని నల్లని ఐరన్ ఆక్సైడ్ అలా కాదు. అది పలచగా అంటుకుని ఇనుమును కొంతవరకు కాపాడుతుంది. పాత తుపాకి పనివారికి ఈ సంగతి అనుభవంలో తెలుసు. గొట్టాన్ని కావాలనే కొంచెం తుప్పు పట్టించి, రుద్ది, మళ్ళీ పట్టించి, చివరికి గోధుమరంగు పూత తెప్పించేవారు. గొట్టం మెరవకుండా, తినకుండా ఉండటానికి అది ఉపాయం. మనం తుప్పనుకుని గీకేసేది ఆ పనివాడి చేతి పనే కావచ్చు. పైగా ముద్రల లోతు వెంట్రుకంత. రెండుసార్లు గట్టిగా రుద్దితే సింహమూ పోతుంది, సంవత్సరమూ పోతుంది.

.303 గొట్టం లోపలి తుప్పు ఇంకో కథ చెబుతుంది. ఆ కాలపు తూటాల టోపీలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా గొట్టంలో మిగిలేది. ఉప్పు చెమ్మను పీలుస్తుంది, చెమ్మ ఇనుమును తింటుంది. అందుకే కాల్చిన రోజునే సిపాయి గొట్టంలో మరిగే నీళ్ళు పోసి కడగాలి. నూనెలో ఉప్పు కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది కదా! లోపల శుభ్రంగా ఉన్న గొట్టం క్రమశిక్షణ గల ఒక సిపాయి వదిలిపోయిన గుర్తు.

నకిలీని పట్టేదెలా?

ధర పెరిగితే నకిలీలు పుడతాయి. ఆమ్లం పూసి పాతదనం తెచ్చిన తుపాకిలో తుప్పు అంతటా ఒకేలా ఉంటుంది. నిజంగా వాడిన తుపాకి చెయ్యి పట్టే చోట అరిగి, మూలల్లో మురికి పట్టి ఉంటుంది. మీ ఇంటి రోలు అంచు ఎక్కడ నునుపెక్కిందో ఒకసారి చూడండి, అరుగుదల భాష అర్థమవుతుంది. అలంకారానికి పోతపోసిన బొమ్మ తుపాకులు చాలావరకు జింకు మిశ్రమంతో చేసినవి. వాటి గొట్టానికి అయస్కాంతం అంటుకోదు.

స్క్రూలు కూడా పట్టిస్తాయి. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మర చుట్లకు ఒక ప్రమాణం ప్రతిపాదించేవరకు ఏ కార్ఖానా చుట్టు దానిదే. 1790 నాటిదని చెప్పే తుపాకిలో నేటి మిల్లీమీటరు కొలతల స్క్రూలు చక్కగా పడితే ఏమనాలి? ఎవరో తర్వాత చేయి పెట్టారనే అనాలి.

చేయి పెట్టకండి, చెప్పండి

పాత ఇంటి అటకమీదనో, పునాది తవ్వుతుంటేనో తుపాకిగాని, దాని ముక్కగాని కనబడితే ఏం చెయ్యాలి?

మొదటిది, తాకవద్దు. ముందునుంచి మందు కూరే తుపాకిలో ఎప్పుడో కూరిన మందు అలాగే ఉండిపోయి ఉండవచ్చు. సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన ఆ మందు పొడిగా ఉంటే వందేళ్ళకైనా చావదు. నిపుణులు గొట్టంలో కర్ర దింపి, లోపల ఎంత పోయిందో గుర్తుపెట్టి, బయట గొట్టం పక్కన ఆనించి చూస్తారు. లోతు తక్కువ వస్తే లోపల ఏదో ఉన్నట్టే. అది వాళ్ళ పని, మన పని కాదు.

రెండోది, దాచవద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులే కాదు, వాటి భాగాలు కూడా ఆయుధాలే. బాగుచేసినా పేలని పాతకాలపు వాటికి మినహాయింపు ఉంది. కాని అది పేలుతుందో లేదో మనంతట మనం తీర్పు చెప్పుకోకూడదు. పెద్దలతో చెప్పి పోలీసులకు తెలియజేయాలి. నేలలో దొరికిన విలువైన వస్తువును కలెక్టరుకు తెలపాలని 1878 నిక్షేపాల చట్టం చెబుతుంది. వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువును సొంతంగా దేశం దాటించడాన్ని 1972 పురావస్తువుల చట్టం నిషేధించింది.

మూడోది, తుడవవద్దు. ఎక్కడ, ఎంత లోతున, వేటి పక్కన దొరికిందో కాగితంమీద రాయండి. దూరంనుంచి ఫొటో తీయండి. ఆదోని కోట కింద దొరికిన తుపాకి అని రుజువుంటే అది చరిత్ర. ఆ రుజువు లేకపోతే అదే తుపాకి ఊరూ పేరూ లేని ఇనుము. ఈ రుజువును కొనలేం, తర్వాత తయారుచేయలేం. దొరికిన రోజే రాసుకోవాలి.

హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది తప్పక చూడండి. అద్దాల వెనుక ఉన్న తుపాకి ముందు నిలబడి మన ప్రశ్నలు వెయ్యండి: నిప్పు ఎలా పుట్టేది? గొట్టం ఎంత లావు? ముద్ర ఎవరిది? భాగాలన్నీ ఒకదానివేనా?

లెక్క చేసి చూడండి

1. 16 బోరు తుపాకి గొట్టం వ్యాసం ఎంత?
2. 17.5 మిల్లీమీటర్ల ఫ్రెంచి తుపాకి ఏ బోరు అవుతుంది?
3. 60వ నెంబరు నూలు ఒక పౌనులో ఎన్ని గజాలు ఉంటుంది?

జవాబులు: 1. సుమారు 16.8 మిల్లీమీటర్లు. 2. సుమారు 14 బోరు. 3. 50,400 గజాలు.